బొక్క

ఆలి ఊర్ల మట్టిదిబ్బ కింద
నాలుగువేల ఏండ్ల మనిషి ఒక్కపక్కకు ఒరిగి పండుకున్నడు,
మోకాళ్లు కడుపుల దూర్చుకొని,
గొంగడి గుంజుకుపోతే సలిపెట్టినట్టు.
ఆయన నంబరు డెబ్బై మూడు.
నా కార్డు మీద తొమ్మిది అంకెలు.

బహ్రెయిన్ల కట్టుడు పని అన్నడు ఏజెంటు.
ఇది విప్పుడు పని.
బ్రష్షుతోని వాళ్లు ఊడ్చిన మన్ను
నేను జల్లెడల పోసి ఊపుతా.
పార ముట్టనియ్యరు.

కిర్‌స్టెన్ మేడం చెవెనుక బొక్క అడిగింది.
ఒంట్ల అన్నిటికన్న గట్టిదట.
తొడబొక్క పిండైనా
అది మాత్రం ఎవరి బిడ్డో మర్వదట.
సన్న డ్రిల్లు పెట్టి తొలిచి
చిటికెడు పొడి సీసాల పోసింది.
పసిపిల్ల నొసటికి ఇభూతి గంతనే తీస్తం మేము.

రాత్రి సల్మాబాద్ రూముల చెప్పిన:
"ఇయ్యాల బొక్కకు బొక్క పెట్టిండ్రు."
రాజోలు వీర్రాజు పడి పడి నవ్విండు.
వాళ్లకు బొక్కంటే కన్నం.
మాకు బొక్కంటే ఎముక.
ఒక్కటే మాట,
వానికి లేనిది, నాకు మిగిలేది.
"అసలు మీది తెలుగేనంట్రా?" అన్నడు.
నేను ఊకున్ననా? ఊకోలే.
పప్పు మాడింది.

పై మంచం సాయిరెడ్డి ఫోన్ల
ఎవరో ఒర్లుతున్నడు,
మనం ఏడికెళ్లీ రాలే, మొదటికెళ్లి ఈడోళ్లమే అని.
కింది మంచం దస్తగిరి ఫోన్ల ఇంకొకాయన,
అందరం ఎప్పుడో ఒకప్పుడు వచ్చినోళ్లమే అని.
రెండు ఫోన్లకు ప్లగ్గు ఒక్కటే.
ముందు నాదంటే నాదని కొట్లాట.

ఫోర్‌మన్ మన్సూర్ ముత్తాత
ఆవలి గట్టు నుంచి ఉప్పుచేపల పడవల వచ్చిండట.
బడిల పిల్లలు ఆజమీ అని ఎక్కిరిచ్చేటోళ్లట.
మొన్న తన ఉమ్మి తానే
ఏదో కంపెనీకి పంపిండు.
కాయితం వచ్చింది.
ఈ గట్టుది ఇంత, ఆ గట్టుది ఇంత,
ఆఫ్రికాది ఒక తునక,
మా దిక్కుది నూట్ల ఆరు.
"లింబన్నా, నువ్వు నాకు ఆరు పైసల చుట్టం" అన్నడు.
"చుట్టానికి ఓవర్‌టైం రాయరాదు" అన్న.
నవ్విండు. రాయలే.
కాయితం వాళ్ల నాయినకు చూపిస్తనన్నడు.
వారం దాటింది, ఇంకా షర్టు జేబుల్నే ఉంది,
చెమటకు అంకెలు అలుక్కుపోయినయ్.

నిన్న జల్లెడల ఎర్ర పూస దొరికింది,
కందిగింజంత.
"ఇది మీ దేశం నుంచే వచ్చింది" అని
మేడం నా దిక్కు చూసి నవ్వింది,
నేనే తెచ్చి ఇచ్చినట్టు.

మా అక్క గుండ్ల నడుమ ఇసొంటిదే ఉండె.
పగడం పగడం అని మురిసేది.
నా టికెట్టుకు గుండ్లు కుదువపెట్టిన్నాడు
సేటు అది ఒక్కటి తెంపి పక్కకు పెట్టిండు.
"రాయి, దీనికేం రాదు" అన్నడు.
అది నా పెట్టెల ఉంది, మందుసీసా మూతల.
రెండిటిని ఒక్క అరచేతుల
పెట్టి చూడాలనిపించింది.
అప్పటికే పూసకు గూడ నంబరు రాసిండ్రు.

పొడి ఏం చెప్తదో తెలువనీకె ఏడాది పడ్తదట.
నా వీసా పదకొండు నెలలే.
ఆయన ఏడోడో, ఏ గట్టోడో
నేను పోయినంక తెలుస్తది.
నాకొకటే మనసున పడింది:
ఆ చెవి ఇన్న ఆఖరి మాట ఏ బాసది?
బిడ్డా పైలం అన్నరా ఎవరన్న,
దిగు దిగు గట్టొచ్చింది అన్నరా?
అది పొడిల రాదట. అడిగిన.

లైటు బంద్ చేసినంక
చెవెనుక వేలు పెట్టి ఒత్తుకున్న.
గట్టిగనే ఉంది.
చీకట్ల వీర్రాజు అడిగిండు:
"ఏంట్రా తడుముకుంటన్నావ్?"
"బొక్క" అన్న.
ఈసారి నవ్వలే.
కాసేపటికి వాని మంచం కిర్రుమంది,
వాడు గూడ చెయ్యి లేపిండు.