కాళ్ళ బాడుగ

ముప్పై నాలుగు జతల కాళ్ళు నా బండిలో.
వరిగడ్డి పరిచి, పాత చీరలు చుట్టి,
నడాన అట్టముక్కలు దూర్చి కట్టినాం.
పలమనేరు మట్టి. చీలమండ దాకానే.
ఆ పైన మనిషి లేడు.

"దొరస్వామీ, మెల్లంగా" అంటాది తబస్సుం మేడం
ప్రతి గుంతకీ.
కోళ్ళ మేత తోలినోణ్ణి.
జ్యూసు ఫ్యాక్టరీ గేటు కాడ మూడు రాత్రులు
తోతాపురి కుళ్ళిపోతా ఉంటే
లోడు పక్కనే పండుకున్నోణ్ణి.
కాళ్ళకి బాడుగ ఎంత అడగాలో తెలవక
టమోటా రేటే చెప్పినా.

ప్రతి జతకీ ఒక చీటీ.
పేరు. పోలేని చోటు.

వారానికి మూడుసార్లు రక్తం కడిగించుకునే చెంగమ్మకి
ఆసుపత్రి కిటికీలో కొండ కనపడతానే ఉంటాది.
ఆమె అడిగింది దేవుణ్ణి కాదు.
నడకదోవలో, ఏడోమైలు కాడ, జింకల కంచె.
"ఆ కంపు ఒక్కసారి పీల్చాల" అన్నిందంట.
కాళ్ళకి ముక్కు యాడుంది అనుకున్నా. అనలేదు.
అలిపిరి చెకింగులో పోలీసాయన గడ్డి తీసి చూసి
"ఎవురివి ఇవి?" అన్నాడు.
రాలేనోళ్ళవి సార్.
కొంచేపు నిలబడి,
పక్కకి ఒరిగిన ఒక జతని తిన్నగా పెట్టి
పొమ్మన్నాడు.

పాకాల జంక్షన్లో, రెండో ప్లాట్‌ఫారం చివర,
పెంచలయ్య కాళ్ళు.
ముప్పై ఏండ్లు టీ అమ్మిన జాగా.
ఇప్పుడు మంచంలో, గోడ పక్కకి తిరిగి.
పాసింజరు వచ్చింది, పోయింది.
ఎవరి పిల్లోడో ఆ కాళ్ళ పక్కన తన కాళ్ళు పెట్టి
కొలుచుకున్నాడు.

పుత్తూరులో ఒకాయన అడిగిన టాకీసు
ఇప్పుడు టైల్స్ షాపు.
షాపోడు మంచోడే.
బాత్రూం టైల్సు పక్కన జాగా చూపించి
"ఇంటర్వెల్ దాకా ఉండనీలే" అన్నాడు.

పొద్దు గూకితే, ఏ ఊర్లో ఉంటే ఆ ఊరి బస్టాండు కాడ
టార్పాలు పరిచి అన్ని జతలూ పెడతాం.
జనం చెప్పులు విడిచి చూస్తారు.
విడవమని ఎవురూ చెప్పలా.

చంద్రగిరి దాటినాక స్పీడు బ్రేకరు. నాదే తప్పు.
మస్తానమ్మ ఎడమకాలు, బొటనవేలు కాడ్నించి రెండు.
మస్తానమ్మ ఉండేది కువైట్లో. పాస్‌పోర్టు సేఠు బీరువాలో.
వంటింట్లో కాగితం మీద కాలు పెట్టి
చుట్టూ గీత గీసి ఫోటో పంపింది,
మేడం దాన్నే మట్టిలో తీసింది.
ఆమె అడిగింది స్వర్ణముఖి. మోకాలి లోతు చాలంది.

తొండవాడ కాడ దిగితే ఏట్లో నీళ్ళు లేవు.
ఇసక కూడా సగం లేదు.
ట్రాక్టర్లు తోడిన గుంతలు, ముళ్ళచెట్లు.
మేడం ఏం మాట్లాడలేదు.
నేనే బండిలోని ఇరవై లీటర్ల క్యాను దించి
విరిగిన కాలి మీద పోసినా.
కాల్చిన మట్టి గదా,
తాగతానే ఉంది, తాగతానే ఉంది.
క్యాను ఖాళీ అయినాక కూడా
పగులులో బుడగలు.

రాత్రి ఫోన్లో ఆమె గొంతు వచ్చింది, గుసగుసగా:
"విరిగితే ఏమన్నా, తడిసిందా లేదా?"

తిరుగుదోవలో మేడం అడిగింది,
"నీకూ ఒక జత చేస్తా. యాడికి పోవాల?"
నవ్వినా.
నాకేం మేడం, చక్రాలుండేవోణ్ణి,
బెంగుళూరు పోతా, మద్రాసు పోతా.

చిత్తూరు వచ్చింది.
గ్రీమ్స్‌పేట, రెండో సందు మొదట్లో పచ్చ తలుపు.
ముందర ముగ్గు ఇప్పటికీ ఆ చేతి ముగ్గే,
చివరి చుక్క ఎప్పుడూ ఒంటరిగా వదిలేసేది.
వారానికి నాలుగుసార్లు ఆ దోవనే.
క్లచ్చు మీదికి పోతాది,
ఎక్సలేటరు మీదికి పోతాది,
ఆడికొచ్చేసరికి బ్రేకు మీదికి మాత్రం
కాలు పోదు.

పలమనేరులో జతలన్నీ దించినాక,
గడ్డి దులుపుకుంటా,
ఎనిమిదో నెంబరు మేడం, అన్నా.
చీటీలో ఏం రాయాల, అంది.
నేను తాడు చుట్టుకుంటా ఉన్నా.