లైన్ లాసు

భవానీపురంలో నూట పన్నెండో మీటరు చదివి
బిల్లు మిషను సంచిలో పడేసి
పున్నమి ఘాటు మెట్ల మీద కూలబడ్డాను.
మే నెల, నాలుగున్నర.
మెట్టు ఇంకా కాలుతోంది.

ఇబ్రహీంపట్నం వైపు నుంచి గాలి లేచింది.
ముందు నీటి మీద ఒట్టి గరుకు,
చేతి మీద రోమాలు లేచినట్టు.
ఆ గరుకు పట్టుకుని గాలి కాస్త ఎగబాకింది,
ఎగబాకినకొద్దీ ఇంకా పట్టు దొరికింది.
అప్పున్నవాడికే మళ్ళీ అప్పు పుట్టినట్టు
ఎత్తుగా ఉన్న అలకే మరింత గాలి.

కొక్కిలిగడ్డ నాంచారయ్య పడవకి రెండో తాడు బిగిస్తున్నాడు.
నాగాయలంక మనిషి. ఇరవై రెండేళ్ళు సముద్రం మీద వేట,
ఇప్పుడు ద్వీపానికెళ్ళే జనానికి
లైఫ్ జాకెట్టు బొందులు కడతాడు.
"ఇయ్యాల్టికి బోట్లు లేవమ్మా,
ఏరు పళ్ళు బయటపెట్టింది, సూడు."

ఎక్కడ?
నడిమధ్యలో తెల్లగా ఒకటి.
చూసేలోపే లేదు.
ఇంకాస్త ఇవతల రెండు.
ఆ తర్వాత లెక్కపెట్టడం మానేశాను.

"అలకి పొడుగుని బట్టే ఎత్తు.
ఏడు బారల అల ఒక బారకి మించి లేచిందా,
తల ముందుకి తూలుద్ది."
ఎవరు చెప్పారు నీకీ లెక్క?
"చెప్పేదెవరు? పడవలో నీళ్ళు తోడేవాడికి తెలుస్తది."

నా ఉద్యోగంలోనూ ఇదే అడుగుతారు నెలనెలా.
సబ్‌స్టేషన్‌లో బయల్దేరినవెన్ని, మీటర్లలో తేలినవెన్ని?
మధ్యలో మాయమైన యూనిట్లకి లైన్ లాసని పేరు పెట్టి
ఏఈ గారి టేబుల్ మీద పెడతాం.
తీగ వేడెక్కి కొంత,
రాత్రిపూట కొక్కేలు తగిలించి కొంత.

మరి ఇంత దూరం నుంచి గాలి మోసుకొచ్చిందంతా
ఎవరి ఖాతాలో?

తల తూలిన అల గాలిని నోట్లో కుక్కుకుని మునిగింది.
నీళ్ళు తెల్లనివి కావు, గాలీ కాదు.
రెండూ కలియబడ్డ చోట
వెలుతురు దారి తప్పి తెల్లబడుతుంది.
కింద సుడి. సుడిలో చిన్న సుడి.
రూపాయి బిళ్ళంత, రాగి గింజంత,
చివరికి సుడి అనే మాటే మిగలనంత.
అక్కడది వేడి.
ఏటినిండా థర్మామీటర్లు ముంచినా పట్టుబడని వేడి.
కాస్త, బుడగలు పుట్టేటప్పటి సన్నటి మోత.
కాస్త, బ్యారేజీ గేట్ల దాకా నీటిని తోసే తోపు.
ఈ నష్టానికి ఎవరూ సంజాయిషీ రాయరు.

పొద్దున నలభై ఏడో ఇల్లు.
మూడు నెలల బాకీ. ఫ్యూజు పీకమని కాగితం.
లాజరమ్మ గుమ్మంలో నిలబడి
నన్నూ, మా ఆఫీసునీ, మా అమ్మనీ,
పోయిన తన మొగుడినీ, కుట్టుమిషన్నీ,
ఒకదాని మీద ఒకటి ఎక్కించుకుంటూ పోయింది.
గొంతు ఎంత పైకెళ్ళిందంటే
ఎదురింటి పిల్లాడు తలుపు వేసుకున్నాడు.
ఆ పైన ఏమనాలో తెలియలేదో ఏమో,
మాట నడుమ విరిగింది.
కాసేపు ఒట్టి ఊపిరి.
"మంచినీళ్ళు తాగుతావా" అంది.

తాగాను.

విరిగిన అల అక్కడే ఆగిపోతుందనుకున్నాను ఇన్నాళ్ళూ.
ఇవాళ ఒకదాన్నే కళ్ళతో వెంబడించాను.
నురగని వెనక వదిలేసి
కాస్త పొట్టిదై, గూని నడకతో
ఇటే వచ్చింది మెట్ల దాకా.
చెప్పు తడిపింది.
ఒక గుట్కా కవరు వదిలి వెళ్ళింది.

"గాలి ఆగితే ఆగినట్టేనా?"
"ఏదీ! గంటసేపు ఊగుద్ది," అన్నాడు నాంచారయ్య,
పడవ మీద చెయ్యి వేసి,
బర్రెని నిమిరినట్టు.

సంచి భుజాన వేసుకున్నాను.
బిల్లు మిషను కింద
పింగాణీ ఫ్యూజు
మెట్టుకి తగిలి టక్కుమంది.