పిట్టెన్‌వీమ్‌లో అరువు

ఊరి పేరులో పిట్ట ఉందని దిగాను.
నన్నొదిలేసి బస్సు మలుపు తిరిగింది.

ఎర్ర పెంకుల ఇళ్లు
సముద్రంలోకి జారిపోకుండా
ఒకదాని భుజం ఒకటి పట్టుకున్నాయి.
పీతల బుట్టల మీద ఆరని ఉప్పు.
వాన కాదట ఇది, ‘హార్’ అట,
ఒడ్డెక్కి వీధులు తిరిగే సముద్రపు ఆవిరి.

ఒక గేటు దగ్గర బల్ల, ఆరు గుడ్లు,
చిల్లర వేసేందుకు రేకు డబ్బా.
కాపలా ఎవరూ లేరు.
నా జేబులో కార్డు తప్ప కాణీ లేదు.

కిటికీ తెరిచి ఎఫీ గూర్లే అంది:
“పట్టుకెళ్లు. మళ్లీ వచ్చినప్పుడు వెయ్యి.”
“రాకపోతే?”
“కోళ్లకేం, అవి లెక్క రాయవు.”

‘అరువు రేపు’ బోర్డు కింద పెరిగినవాణ్ణి.
రెండు పౌండ్లు బాకీపడి
బస్సెక్కాను,
ఆరు గుడ్లూ ఒళ్లో పెట్టుకుని
గతుకు గతుక్కీ ఊపిరి బిగబట్టి.