కడుగు

ఓబులమ్మ మంచానికి నడిమధ్య ఒక కంత.
కంత కింద బకెట్టు.
బకెట్టు లోపల ఎర్ర పెయింటు గీతలు, నేనే గీయించాను.
రాత్రి రెండింటికి ఎనిమిదో లీటరు.
బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లగా.
మా అమ్మ దాన్ని కడుగు అనేది,
పారబొయ్యనిచ్చేది కాదు.

తండయారుపేట, కలరా వార్డు.
వాన వెలిసి ఆరు రోజులు.
వ్యాసర్పాడిలో కుళాయి గొట్టమూ మురుగు గొట్టమూ
ఎక్కడో ఒరుసుకున్నాయి.
మూడు తరాల కార్పొరేషను చీపురు ఈమెది.
మన తెలుగే, మద్రాసు యాస:
"దప్పిగా ఉండాదమ్మా."

చదువుకున్నాను, మార్కులు కూడా వచ్చాయి.
కణం గోడకి లోపలివైపు ముగ్గురు.
బీటా, గామా విడిపోని జంట.
ఆల్ఫా గుప్పిట్లో చల్లారిన జీడీపీ.
బయట ఎవరో తలుపు తడితే
పాతది జారవిడిచి జీటీపీ పుచ్చుకుని
జంటను వదిలి లేస్తుంది,
పక్క ఎంజైముని తట్టి లేపుతుంది.
కబురు లోపలికి పాకుతుంది.

పరీక్షలో అంతవరకే అడిగారు.
నాకు నచ్చింది ఆ తర్వాతి సంగతి:
చేతిలోని మూడు ఫాస్ఫేట్లలో చివరిదాన్ని
ఆల్ఫా తానే తుంచేస్తుంది.
విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినట్టు,
చాలు.
వెనక్కొచ్చి జంట పక్కన సర్దుకుంటుంది.
కొన్ని సెకన్ల కొలువు.

కలరా విషం చేసేది చిన్న పని,
ఒక్క ఆర్జినిన్ మీద ఒక మేకు.
ఆల్ఫా చావదు. చెడదు.
ఇంకా బాగా పనిచేస్తుంది.
చాలు అనే మాటొక్కటే పోతుంది.
తెరిచిన తూములోంచి ఉప్పు,
ఉప్పు వెంట నీళ్ళు,
నీళ్ళ వెంట ఓబులమ్మ.

రెండు చేతులకీ సెలైను.
ఆమె సంచిలో ఫోను మోగితే
నర్సు పొన్‌మలర్ ఎత్తింది.
మేస్త్రీ. రేపు హాజరుకి వస్తుందా అని.

మూడో రోజు బకెట్టు నిశ్శబ్దం.
ఆల్ఫా కోలుకుందనుకునేరు, లేదు,
ఆ మేకు ఊడేది కాదు.
ఆ కణాలే పేగు గోడ నుంచి రాలిపోయాయి.
అడుగు నుంచి కొత్తవి ఎక్కి వచ్చాయి,
ఆపడం తెలిసినవి.

పొద్దున ఉప్పూ పంచదారా కలిపిన గ్లాసు
నోటికి అందిస్తే
పుల్లలాంటి చెయ్యి అడ్డం పెట్టింది.
"సాలు తల్లీ."

కేసుషీటులో, నిరాకరించింది, అని రాశాను.
కొట్టేశాను.
ఆ గడిలో పట్టే మాట దొరకలేదు.
సంచిలో మళ్ళీ ఫోను.