ఏడు స్టేజీలు

కదిరి నుంచి రాత్రి బస్సు.
పదహారేళ్ల డ్యూటీలో మొదటిసారి కిటికీ పక్క సీటు,
ఒళ్లో సంచి, సంచిలో హిందూపురంలో కొన్న బూట్లు.
నిద్ర పట్టదు.
ఆగిన ప్రతిచోటా తలలు లెక్కపెడుతున్నాను.
గిద్దలూరు దాటాక ఒకటి తక్కువొచ్చింది.
లేచి చెప్పబోయి ఊరుకున్నాను, బండి నాది కాదు.
వినుకొండ దగ్గర తెలిసింది
నన్ను నేను లెక్కేసుకోలేదని.

బెజవాడలో తెల్లారకముందే ఉక్క.
మా ఎండ కొట్టి వదిలేస్తుంది, ఇది పట్టుకుని వదలదు.
శనివారమంతా నంబరు తెచ్చుకోవడానికే సరిపోయింది.
బందరు రోడ్డులో కల్యాణమండపం,
నాలుగు పిన్నులు, ఒక అరటిపండు, ఒక సంతకం.
"ఏ ఊరండీ మీది?" అంది బల్ల వెనక పిల్ల.
మా వైపయితే ఏ ఊరక్కా అంటారు.
అండీ అనిపించుకున్నాక
నడుము కాస్త నిటారుగా నిలబడింది.

రాత్రి బస్టాండులో, ఆడ సిబ్బంది రెస్టురూము.
"ఏ డిపో?" అన్నాడు వాచ్‌మన్ బాజీ.
"కదిరి."
"డ్యూటీ మీదా?"
"పొద్దున అయిదుకి సర్వీసు" అన్నాను.
అబద్ధమేం కాదు.

దీన్ని హాఫ్ అంటారట.
పన్నెండేళ్లు దాటినోళ్లకి హాఫ్ కొట్టకూడదు,
నాకు నలభై మూడు.
అందరూ కిలోమీటర్లంటున్నారు. నాకు స్టేజీలే వచ్చు.
మా రూట్లో ఇరవై ఒకటంటే ఏడు స్టేజీలు,
మధ్యలో రెండు టీకొట్లు, ఒక లెవెల్ క్రాసింగు.

మొదటి రెండూ ఎలా గడిచాయో తెలియలేదు.
మూడోది బ్యారేజీ.
మా మద్దిలేరులో ఇసుకుంటుంది, దాని మీద ట్రాక్టర్లుంటాయి.
ఇక్కడ నది, చీకట్లో,
ఎవరూ చూడకపోయినా నిండుగా ఉంది.
గేట్లు లెక్కపెడుతూ పోయాను.
ముప్పై రెండో గేటు దగ్గర ఒక పడవ, దాంట్లో లాంతరు,
లెక్క తప్పింది.
చిల్లర తగ్గితే మాకు జీతంలో కోస్తారు.
ఇక్కడ కోసేవాళ్లు లేరు.
తిరిగొచ్చేటప్పటికి అమ్మవారి కొండ మీద
దీపాలు ఒక్కొక్కటే ఆర్పుతున్నారు.

అయిదో స్టేజీలో డివైడరు మీద ఒక పెద్దాయన,
పిక్క పట్టేసింది.
పేరు సాల్మన్ రాజు, గుంటూరులో పొగాకు కంపెనీలో చేసి రిటైరయ్యాడట.
కాలు పట్టి లాగి, వీపు మీద చరిచి
"రైట్ రైట్" అన్నాను.
నవ్వుతూ లేచాడు.
కాసేపటికి నన్నే దాటిపోయాడు.

ఆరో స్టేజీ. వెనక ఇంజను చప్పుడు.
ఆగిపోయినవాళ్లను ఎక్కించుకునే బస్సు.
తెలిసిన చప్పుడే, ఇన్నాళ్లూ లోపలినుంచి విన్నాను.

ఆరేళ్ల కిందట, నల్లమాడ క్రాసు.
నెత్తిన బుట్టతో ఒకామె పరిగెత్తుకొస్తా ఉంది.
డ్రైవరుకి కనపడలేదు.
నాకు కనపడింది.
అప్పటికే లేటు. రైట్ రైట్ అన్నాను.
ఆమె ఎంత దూరం వచ్చిందో
తిరిగి చూడలేదు.

ఆ రోజునుంచే పరుగు మొదలుపెట్టానంటే బాగుంటుంది.
కాదు. షుగరు అంచున ఉందని డాక్టరు చెప్పాక మొదలుపెట్టాను,
డిపో వెనక, పాత టైర్ల చుట్టూ,
ఫస్ట్ సర్వీసుకి ముందు.
అయినా ఈ కృష్ణలంక పక్కన, పిక్కలు రాళ్లయ్యాక,
ఆ బుట్టలో ఏముండిందా అని ఒకటే ఆలోచన.
చింతపండా.
శెనక్కాయలా.

డ్రైవరు తల బయటపెట్టి "ఎక్కుతారామ్మా?" అన్నాడు.
నోరు పెగల్లేదు.
చెయ్యి మాత్రం దానంతటది లేచి
బస్సు రేకు మీద రెండుసార్లు చరిచింది.
బస్సు వెళ్లిపోయింది.

నేను చేరేసరికి గాలి కమాను సగం కుంగింది.
నీళ్ల క్యాన్లు ఆటోలోకి ఎక్కిస్తున్నారు.
అట్టపెట్టె అడుగునుంచి ఒక పతకం తీసి ఇచ్చి
కుర్రాడు కమాను తాడు విప్పబోతూ అడిగాడు,
"వెనకాల ఇంకెవరైనా ఉన్నారాండీ?"

రోడ్డు వైపు చూశాను.
"హోల్డాన్" అన్నాను.
"ఒకామె వస్తా ఉంది."