టెండర్

యీబిన్‌లో, యాంగ్జీ మీద మంచు దిగాక,
నర్సింగ్ స్కూలు మూడో అంతస్తులో రాత్రి క్లాసు.
బోర్డు మీద ఈ పూట ఒక్కటే మాట రాశాను: టెండర్.
విశేషణం. అర్థాలు నాలుగు.
నాలుగూ ఒకే గుమ్మంలోంచి ఎలా వచ్చాయో
నిఘంటువు చెప్పదు.

హాట్‌పాట్ వంటవాడు తాన్ షౌగుయ్ ముందే చెయ్యెత్తాడు.
"మాంసం సంగతి కదా? మేం నెన్ అంటాం.
పంటి కింద పడీపడగానే విడిపోవాలి."
సరే, ఒకటయింది.
వెదురు మొలకకూ అదే, బఠాణీ తీగ కొసకూ అదే.

రెండోది గొంతుకు, చూపుకు.
పక్కన వన్‌రౌ అని రాసుకోండి, అన్నాను.
"టీచర్, మా ఆవిడ చాలా టెండర్ అనొచ్చా?"
అనకు షౌగుయ్.
ఉడికిందో లేదో చూసొచ్చినట్టుంటుంది.

ఎగుమతుల ఆఫీసు గుమాస్తా షీ మెయ్‌యున్
సీల్డు కవర్లూ, ఆఖరు తేదీ, తక్కువ రేటూ అంటూ
ఏదో చెప్పబోయింది.
అది వేరే మాటమ్మా, ఇంటిపేరు కలిసిందంతే.

మూడోది పసి వయసుకు. గబగబా దాటేశాను.

నాలుగో దాని దగ్గర పెన్నులు ఆగాయి.
నొక్కితేనే నొప్పి.
నొక్కకపోతే ఏమీ లేనట్టే.
మా భాషలో దీనికి ఒక్క అక్షరం చాలదు,
వాక్యం కావాలి.

"మెత్తనిదే నొప్పి ఎట్లా అవుతుంది?"
అడిగింది ఖ్వాంగ్ సూచిన్. యాభై రెండేళ్ళ ఆయా.
విదేశీ రోగుల వార్డుకు మారితే
జీతం మూడు వందల యువాన్లు ఎక్కువట.
నేను పుస్తకంలో పేజీలు తిప్పాను.

ఆవిడే లేచొచ్చి
షౌగుయ్ చెయ్యి లాగి బల్ల మీద పెట్టింది.
పోయిన నెల మిరప నూనె చిందిన మణికట్టు,
మానిపోయిందనే అందరం అనుకున్నాం.
రెండు వేళ్ళతో అంచు నుంచి నొక్కుకుంటూ
పాఠంలో ప్రశ్నే అడిగింది, పలకడమంతా తప్పుగా:
"ఇక్కడ టెండరా? ఇక్కడ?"

మూడో చోట ఉలిక్కిపడ్డాడు.
ఆవిడ వేళ్ళు తియ్యలేదు.
వాటి బరువు మాత్రం తీసేసింది.

"యెస్," అన్నాడు, తలెత్తకుండా.
ఏ అర్థానికి అన్నాడో
మార్కులెయ్యాల్సిన నాకే తెలియలేదు.

తొమ్మిదిన్నర. బస్సు పోతుందని మెయ్‌యున్ సంచి సర్దింది.
బోర్డు తుడవలేదు.
రేపటి మాట డియర్.
దానికి రెండే: ప్రియం, మళ్ళీ ప్రియం.