వాళ్ల ఐదు

పొద్దున పది గంటలకు
బోర్డు మీద నిన్నటి దినారును తుడిచి
ఇవాళ్టిది రాస్తాను.
రూపాయి రవ్వంత జారిందంటే చాలు
ఏడురోడ్ల దగ్గర మా అంగడి ముందర
చెప్పుల జతలు పెరుగుతాయి.
పడింది మన రూపాయే కదా అని
ఎవరూ మొహం చిన్నబుచ్చుకోరు.
నేనూ అంతే.
పడినా లేచినా నా కమీషన్ నాకొస్తుంది.

లాలమ్మ వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం.
సిద్ధవటం నుంచి వచ్చిందట.
అద్దాల తలుపును తోయాలో లాగాలో తెలియక
ఎండలో కాసేపు నిలబడింది.
లోపలికొచ్చి, రవికలోంచి మాత్రల కవరు తీసింది.
అందులో నాలుగు మడతల నోటు.
మడతల మీద రంగు పోయింది.
మూలన మాత్రం అరబ్బీ ఐదు మిగిలింది.
వాళ్ల ఐదు
అచ్చం మన సున్నలాగా ఉంటుంది.

"ఎంతొచ్చాది నాయనా?"

యుద్ధానికి ముందరి నోటు.
ఆ దేశమే ఎప్పుడో రద్దు చేసుకుంది.
చెల్లదని చెప్పడం నాకు కొత్త కాదు.
చిరిగినవాటికి ఒక గొంతు పెట్టుకున్నాను,
దొంగవాటికి ఇంకొకటి.
దీనికి ఏది వాడాలో తోచక
"చెల్లదు పెద్దమ్మా" అన్నాను, వట్టి గొంతుతో.

ఏడవలేదు. కుర్చీ లాక్కుంది.

"కువైటుకు పొయ్యేటప్పుడు
దినారంటే దినమే అనుకుంటి.
దినానికొకటి చేతిలో పెడతారని.
నెల తిరిగినాక చూస్తే ఇరవై ఐదు.
ముప్పై దినాలు చాకిరీ చేసింటి గదా,
తక్కిన ఐదు యాడికి పాయెనని అడగాలంటే
నాకా వాళ్ల మాట రాదు.
పదకొండు మంది గుడ్డలు ఆ ఇంట్లో.
వచ్చేసే పొద్దు ఆ యమ్మ
దీన్ని మడిచి నా గుప్పిట్లో పెట్టె.
ఎందుకో చెప్పలా.
నాకు తెలిసిపాయె, ఆ ఐదూ ఇవేనని."

"అప్పుడే మార్చుకోలేకపోయావా?"

"మారిస్తే అయిపోతాయి గదా నాయనా."

ఇప్పుడు మోకాలికి సూది వేయాలంటున్నారట.

నా వేళ్లు ఊరుకోవు.
ఐదును ఇవాళ్టి రేటుతో హెచ్చవేశాయి.
"చెల్లింటే పద్నాలుగు వందల చిల్లర" అన్నాను.
అనకుండా ఉండాల్సింది.
"యాదీ, సూపియ్యి" అని
క్యాలిక్యులేటర్ తన వైపు తిప్పుకుంది.
అంకెలు ఆరిపోయేదాకా చూసింది.
మళ్లీ వెలిగించమని అడగలేదు.

నోటును పాత మడతల మీదే మడిచి
మాత్రల పక్కన పెట్టుకుంది.
కొంగు ముడి విప్పి ఐదు వందల కాగితం తీసి
"ఆటోకు చిల్లరన్నా ఇస్తావా?" అంది.
ఇచ్చాను. రెండుసార్లు లెక్కపెట్టుకుంది.
ఈ మార్పిడికి రసీదు లేదు,
ఎక్కడా రాయలేదు.

తలుపు దగ్గర ఆగి
"రేపు రేటు పెరిగితేనో?" అంది.
నవ్వుతూ అందో లేదో
అద్దం మీద ఎండ పడి కనపడలేదు.
ఈసారి తలుపు దగ్గర తడుముకోలేదు.
లాగింది.